ఆఫీసు వీపీఎన్: సాఫ్ట్‌వేర్ ఒకటే అయినా ఒక్కో పరికరంలో ఒక్కో తీరు ఎందుకు?

"ఆఫీసు వాళ్లు నా ఫోన్లో వీపీఎన్ వేసుకోమంటున్నారు. వేసుకుంటే నా వాట్సాప్ చూస్తారా?" ఐటీలో పనిచేసే వాళ్లను బంధువులు, స్నేహితులు తరచూ అడిగే ప్రశ్న ఇది. దాని వెనకే ఇంకొకటి వస్తుంది: "కనెక్టెడ్ అనే చూపిస్తోంది, కానీ ఫైలు తెరుచుకోవట్లేదు. ఎందుకు?" కంపెనీలో ఐటీ టీమ్‌కు ఉండే టెన్షన్ వేరు. విండోస్ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన వీపీఎన్ మ్యాక్‌లోనో ఫోన్లోనో ఎందుకు మొండికేస్తుందో వాళ్లు వెతుక్కోవాలి.

మూడు ప్రశ్నలూ ఒకే చోటికి చేరతాయి. వీపీఎన్ (వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్) ఒక దారి. ఆ దారిలో వెళ్లేది మధ్యలో ఉన్నవాళ్లకు కనబడకుండా కాపాడటం వరకే దాని పని. దారికి ఈ చివర ఉన్న పరికరం ఎవరిది, ఎలాంటి స్థితిలో ఉంది, అందులో వీపీఎన్‌కు ఎంత చోటు దొరికింది అన్నవి వేరే సంగతులు. ఆఫీసు వీపీఎన్‌లో చిక్కులు ఎక్కువగా ఆ చివరనే పుడతాయి.

## ఒకే పేరుతో రెండు వేర్వేరు సేవలు

యూట్యూబ్ ప్రకటనల్లో కనిపించే వీపీఎన్ వేరు, ఆఫీసు వీపీఎన్ వేరు. మొదటిదాన్ని మనం నెలకింత అని కట్టి కొనుక్కుంటాం. మన ట్రాఫిక్ ఆ సంస్థ సర్వర్ మీదుగా ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది, మన అసలు ఐపీ చిరునామా వెబ్‌సైట్లకు తెలియదు. రెండోదాంట్లో మన ల్యాప్‌టాప్ ఇంట్లోనే ఉన్నా, ఆఫీసు నెట్‌వర్క్‌లో కేబుల్ పెట్టినట్టు లోపలి సర్వర్లను చేరుకుంటుంది. మనం ఎవరో దాచడం దాని ఉద్దేశం కాదు. పైగా మనం ఎవరో రుజువు చేసుకుంటే తప్ప అది లోపలికి రానివ్వదు.

ఈ తేడా 2022లో మన దేశంలో పెద్ద గందరగోళమే తెచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సంస్థలు తమ కస్టమర్ల వివరాలు 5 ఏళ్లు దాచిపెట్టాలి. ఆఫీసు వీపీఎన్ నడిపే కంపెనీలు కూడా ఇలా చేయాలా అని చాలామంది కంగారుపడ్డారు. మే నెలలో విడుదల చేసిన వివరణల్లో, కార్పొరేట్ వీపీఎన్‌లకు ఆ నిబంధన వర్తించదని సెర్ట్-ఇన్ స్పష్టం చేసింది. అయితే అవే ఆదేశాల్లోని మిగతావి, అంటే సైబర్ దాడి జరిగితే 6 గంటల్లో తెలియజేయడం, సిస్టమ్ లాగ్‌లను (ఎప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాలను) 180 రోజులు ఉంచడం లాంటివి మామూలు కంపెనీలకూ వర్తిస్తాయి. ఆఫీసు వైపు వీపీఎన్‌ను అందుకునే గేట్‌వే లాగ్‌లు కూడా అందులోకే వస్తాయి.

## కవర్లో కవరు పెట్టి పంపడం

మన ల్యాప్‌టాప్‌లో వేసే సాఫ్ట్‌వేర్‌ను క్లయింట్ అంటారు. ఆఫీసు వైపు ఇంటర్నెట్‌కు ఎదురుగా కూర్చునేది గేట్‌వే. ఈ రెండూ ముందు ఒకదాన్నొకటి గుర్తుపట్టి, డేటాను దాచడానికి, విప్పడానికి వాడే తాళాలు (కీలు) మార్చుకుంటాయి. ఆ తర్వాత క్లయింట్ ప్రతి డేటా ప్యాకెట్‌నూ ఎవరూ చదవలేని రూపంలోకి మార్చి, ఇంకో కవర్లో పెట్టి, పైన గేట్‌వే చిరునామా రాసి పంపుతుంది. గేట్‌వే పై కవరు విప్పి, లోపలి ప్యాకెట్‌ను అసలు సర్వర్‌కు చేరవేస్తుంది. దీన్నే టన్నెల్ అంటారు.

కవరు ఎలా కట్టాలో చెప్పే నియమావళి ప్రొటోకాల్. పాత పీపీటీపీని ఆపిల్ 2016లోనే తన పరికరాల నుంచి తీసేసింది. ఆండ్రాయిడ్ 12 నుంచి ఫోన్ సొంత సెట్టింగ్స్‌లో పీపీటీపీ, ఎల్2టీపీ కొత్తగా చేర్చుకునే వీలు లేదు. ఇప్పుడు ఎక్కువగా వినిపించేవి ఐపీసెక్ ఆధారిత ఐకేఈవీ2, వెబ్‌సైట్లు వాడే టీఎల్ఎస్ మీదుగా నడిచే 'ఎస్ఎస్ఎల్ వీపీఎన్', 2020 మార్చిలో లినక్స్ కెర్నల్‌లో చేరిన వైర్‌గార్డ్. వైర్‌గార్డ్ చాలా చిన్నది, వేగమైనది. కానీ దానికి యూజర్‌నేమ్, ఓటీపీ అంటే తెలియదు. తాళాలు మాత్రమే తెలుసు. ఏ తాళం ఏ ఉద్యోగిది, ఆ ఉద్యోగి ఇంకా కంపెనీలో ఉన్నాడా అని చూసుకునే ఏర్పాటు పైన విడిగా కట్టుకోవాలి. పెద్ద కంపెనీలు ఇంకా సిస్కో, పాలో ఆల్టో, ఫోర్టినెట్ లాంటి వాళ్ల క్లయింట్లు కొనడానికి ఇదొక ముఖ్య కారణం.

## ఒక్కో సిస్టమ్ ఒక్కో తలుపు తీస్తుంది

మాదాపూర్‌లో 300 మంది పనిచేసే కంపెనీ ఒకటి ఉందనుకుందాం. 220 మందికి విండోస్ ల్యాప్‌టాప్‌లు, 50 మంది డిజైనర్లకు మ్యాక్‌లు, 30 మంది డెవలపర్లకు లినక్స్. ఫోన్లు మాత్రం ఎవరివి వాళ్లవే. అందరికీ ఒకే కంపెనీ తయారుచేసిన క్లయింట్ కొన్నారు. రూలు కూడా ఒకటే: "పనిలో ఉన్నంతసేపు వీపీఎన్ ఆన్‌లో ఉండాలి, ఉద్యోగి ఆపేయలేకుండా ఉండాలి."

విండోస్‌లో క్లయింట్‌కు అందే అధికారం ఎక్కువ. అది తన డ్రైవర్‌ను, అంటే సిస్టమ్‌తో నేరుగా పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్‌ను, సిస్టమ్ లోపలి పొరలో వేసుకుంటుంది. ఐటీ టీమ్ ఇన్‌ట్యూన్ లాంటి మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ నుంచి పంపితే, ఉద్యోగికి ఒక్క విండో కూడా కనబడకుండా ఇన్‌స్టాల్ అయిపోతుంది. అయితే ఇంటెల్ రకం కాకుండా ఆర్మ్ రకం చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ కొంటే ఇక్కడే దెబ్బ తగులుతుంది. మామూలు ఇంటెల్ అప్లికేషన్లను ఆ ల్యాప్‌టాప్ అనుకరణతో నడిపించేస్తుంది, డ్రైవర్లను మాత్రం నడపలేదు. ఆర్మ్ కోసం విడిగా తయారైన డ్రైవర్ లేకపోతే బ్రౌజర్, వర్డ్ అన్నీ పనిచేసినా వీపీఎన్ పనిచేయదు. కొనుగోలు విభాగం ల్యాప్‌టాప్‌లు తెప్పించే ముందు ఐటీ టీమ్‌ను ఒక మాట అడగాల్సిన సందర్భం ఇది.

మ్యాక్‌లో 2019లో వచ్చిన కాటలీనా నుంచి ఆపిల్ ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను సిస్టమ్ లోపలి పొర నుంచి బయటికి పంపడం మొదలుపెట్టింది. దాని బదులు 'సిస్టమ్ ఎక్స్‌టెన్షన్' అనే పద్ధతి ఇచ్చింది. దీన్ని యూజర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్వయంగా అనుమతించాలి, లేదా ఐటీ టీమ్ ఎండీఎం ద్వారా ముందే అనుమతి పంపాలి. ఎండీఎం అంటే దూరం నుంచే పరికరాలను సెట్ చేసే వ్యవస్థ. ముందు అనుమతి వెళ్లి, తర్వాత క్లయింట్ వెళ్తే అంతా సాఫీగా సాగుతుంది. ఈ వరుస తప్పితే 50 మంది డిజైనర్లకు ఒకేసారి "ఈ ఎక్స్‌టెన్షన్ ఆపేశాం" అన్న హెచ్చరిక వస్తుంది, హెల్ప్‌డెస్క్‌కు 50 టికెట్లు పడతాయి.

ఆండ్రాయిడ్‌లో వీపీఎన్ కూడా ఒక యాపే. యూజర్ సరే అంటేనే నడుస్తుంది, నడుస్తున్నంతసేపు పైన తాళంచెవి గుర్తు కనిపిస్తుంది. ఒక ప్రొఫైల్‌లో ఒక్క వీపీఎన్‌కే చోటు. ఉద్యోగి ఇంకో వీపీఎన్ యాప్ తెరిచి కనెక్ట్ చేస్తే ఆఫీసుది పక్కకు తప్పుకుంటుంది. 'ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి, వీపీఎన్ లేకపోతే నెట్ ఆపేయాలి' అనే సెట్టింగులు ఉన్నాయి. కానీ వాటిని యూజర్ మార్చకుండా ఉండాలంటే ఫోన్ గానీ, అందులో ఆఫీసు యాప్‌లకు విడిగా ఉండే భాగమైన వర్క్ ప్రొఫైల్ గానీ కంపెనీ నిర్వహణలో ఉండాలి. పైగా కొన్ని బ్రాండ్ల ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వెనక నడిచే యాప్‌లను గట్టిగా ఆపేస్తాయి. ఫోన్ జేబులో పెట్టుకుని పావుగంట తర్వాత తీస్తే వీపీఎన్ ఊడిపోయి ఉంటుంది. తప్పు గేట్‌వేది కాదు, క్లయింట్‌ది కాదు. ఆ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేస్తే సమస్య పోతుంది.

ఐఫోన్‌లో ఆ రూలు ఇంకా కష్టం. యూజర్ ఆపలేని వీపీఎన్‌ను, ఉద్యోగం ఇచ్చిన సంస్థ పూర్తి పర్యవేక్షణలో ఉన్న పరికరాలకే ఆపిల్ ఇస్తుంది, అదీ ఐకేఈవీ2తోనే. ఉద్యోగి సొంతంగా కొనుక్కున్న ఫోన్లో అది కుదిరే పని కాదు. బదులుగా 'యాప్‌కు మాత్రమే వీపీఎన్' అనే పద్ధతి ఉంది. ఎండీఎం నుంచి వేసిన ఆఫీసు మెయిల్ తెరిస్తే టన్నెల్ లేస్తుంది, ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే అది బయటి నుంచే వెళ్తుంది.

లినక్స్ వాడే ఆ 30 మందిలో ఒక్కొక్కరిది ఒక్కో డిస్ట్రిబ్యూషన్ (లినక్స్ రకం) ఉంటుంది. టన్నెల్ లేవడం వాళ్లకు కష్టం కాదు. లోపలి సర్వర్ల పేర్లను ఎవరు వెతకాలన్న దగ్గరే, అంటే డీఎన్ఎస్ దగ్గరే గొడవ. 192తోనో 10తోనో మొదలయ్యే చిరునామా కొడితే సర్వర్ పలుకుతుంది, పేరు కొడితే పలకదు.

కాబట్టి కాగితం మీద ఒక్క వాక్యంగా రాసిన రూలు అమల్లోకి వచ్చేసరికి అయిదు రూలులవుతుంది. ఐటీ విభాగాలు చాలాసార్లు విండోస్‌లో పరీక్షించి అందరికీ అమలైపోయిందని అనుకుంటాయి. ఆడిట్లో బయటపడే ఖాళీలకు మూలం ఇదేనని నా అభిప్రాయం.

## కొరియర్లో వచ్చిన ల్యాప్‌టాప్ మొదటి రోజు

కాకినాడలో ఉండే కొత్త ఉద్యోగికి కంపెనీ ల్యాప్‌టాప్ పంపింది. పెట్టె విప్పి పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ పాస్‌వర్డ్ సరైనదో కాదో చెప్పాల్సిన సర్వర్ మాదాపూర్‌లో, గేట్‌వే వెనక ఉంది. దాన్ని చేరాలంటే వీపీఎన్ కావాలి. వీపీఎన్ ఆన్ చేయాలంటే ముందు ల్యాప్‌టాప్‌లోకి లాగిన్ అవ్వాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు.

కరోనా వల్ల అందరూ ఇంటి నుంచి పనికి మారిన 2020 మార్చిలో ఇలాంటి ముడులు ఒక్కసారిగా బయటపడ్డాయి. అప్పటికి కాల్ సెంటర్, బీపీఓ తరహా సంస్థలకు టెలికాం శాఖ నిబంధనలు కూడా అడ్డంగా ఉండేవి. ఇంటి నుంచి పని చేయించాలంటే డిపాజిట్ కట్టాలి, టెలికాం సంస్థ ఇచ్చే వీపీఎన్ తీసుకోవాలి. మార్చి 13న ఆ శాఖ వీటిని సడలించింది. హైదరాబాద్‌లో కొన్ని కంపెనీలు ఉద్యోగుల ఇళ్లకు డెస్క్‌టాప్‌లే మోయించాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో నిబంధనలను దాదాపు తిరగరాశారు.

ముడి విప్పడానికి రెండు దారులున్నాయి. మొదటిది, మనిషి లాగిన్ కాకముందే యంత్రం తన సర్టిఫికెట్‌తో (తనెవరో రుజువు చేసే డిజిటల్ గుర్తింపు పత్రంతో) గేట్‌వేకు కనెక్ట్ కావడం. విండోస్‌లో దీన్ని డివైస్ టన్నెల్ అంటారు. ఈ టన్నెల్లో అన్నీ తెరవరు, పాస్‌వర్డ్ సరిచూసే సర్వర్ వరకే తెరుస్తారు. రెండోది, లాగిన్‌నే క్లౌడ్‌కు మార్చడం. ల్యాప్‌టాప్ మామూలు వైఫైకి కనెక్ట్ కాగానే తన సీరియల్ నంబర్ ఆధారంగా "నేను ఫలానా కంపెనీది" అని తెలుసుకుని, సెట్టింగులు, సర్టిఫికెట్, వీపీఎన్ క్లయింట్ తనే దించుకుంటుంది. విండోస్‌కు ఆటోపైలట్, ఆపిల్‌కు ఆపిల్ బిజినెస్ మేనేజర్, ఆండ్రాయిడ్‌కు జీరో టచ్ ఈ పని చేస్తాయి. కొత్తగా మొదలుపెట్టే కంపెనీలకు రెండోదే తేలిక. పదిహేనేళ్ల పాత సర్వర్లతో నడిచే కంపెనీకి మొదటిది లేకుండా గడవదు.

## వాన పడిన రోజు లెక్క: మొత్తం ట్రాఫిక్ ఆఫీసు మీదుగానా, కొంతేనా?

టన్నెల్లోకి ఏం పంపాలన్నది అసలైన వాదన. మొత్తం పంపితే ఫుల్ టన్నెల్. ఆఫీసు సర్వర్లకు వెళ్లేది మాత్రమే పంపి, మిగతాది ఇంటి ఇంటర్నెట్‌కే వదిలేస్తే స్ప్లిట్ టన్నెల్.

లెక్క వేసి చూద్దాం. వాన ముదిరి, ఇంటి నుంచే పనిచేయించమని సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలకు సూచించిన రోజు. ఉదయం 10 గంటలకు 250 మంది వీడియో మీటింగుల్లో ఉన్నారు. ఒక్కొక్కరికి వచ్చే వైపు 2, పోయే వైపు 2 ఎంబీపీఎస్ చొప్పున అనుకుంటే ఒక్కో వైపు మొత్తం 500 ఎంబీపీఎస్. ఫుల్ టన్నెల్లో ఈ వీడియో ముందు ఇంటి నుంచి ఆఫీసుకు వస్తుంది, అక్కడి నుంచి మళ్లీ బయటికి, మీటింగ్ సర్వర్‌కు పోతుంది. తిరుగు ప్రయాణమూ అంతే. అంటే ఆఫీసు లైను మీద వచ్చే వైపు 1000, పోయే వైపు 1000. కంపెనీకి ఉన్నది 1 జీబీపీఎస్ లైనైతే ఒక్క ఫైలు కూడా తెరవకముందే నిండిపోయింది. స్ప్లిట్ టన్నెల్లో ఈ 500 ఆఫీసు గడప తొక్కనే తొక్కవు. 2020లో మైక్రోసాఫ్ట్ తన ఆఫీస్ 365 సేవలను టన్నెల్ బయటే ఉంచమని కస్టమర్లకు సూచించడానికి కారణం ఇదే.

భద్రత చూసేవాళ్ల వాదనలోనూ బలం ఉంది. ల్యాప్‌టాప్ ఒక చేత్తో ఆఫీసు సర్వర్‌ను, ఇంకో చేత్తో బయటి ఇంటర్నెట్‌ను పట్టుకుని ఉంటే, బయటి వైపు ఏం జరుగుతోందో ఆఫీసుకు కనబడదు. కస్టమర్ల ఆర్థిక వివరాలు, వైద్య రికార్డులు చూసే టీమ్‌లకు ఫుల్ టన్నెల్ తప్పనిసరి చేసే కంపెనీలు అందుకే ఉన్నాయి. అయితే ఫుల్ టన్నెల్ కూడా పూర్తి కవచం కాదని 2024 మేలో బయటపడిన 'టన్నెల్ విజన్' లోపం చూపించింది. వైఫై రూటర్ నడిపే దుండగుడు, మామూలుగా ఐపీ చిరునామాలు పంచే పద్ధతిలోని ఒక వెసులుబాటు వాడుకుని, ట్రాఫిక్‌ను టన్నెల్ పక్క నుంచి తన వైపు మళ్లించగలడు. వీపీఎన్ మాత్రం కనెక్టెడ్ అనే చూపిస్తుంది. ఆ వెసులుబాటును అమలు చేయని ఆండ్రాయిడ్‌కు ఈ బెడద లేదు, మిగతా ప్రధాన సిస్టమ్‌లకు ఉంది.

## 'కనెక్టెడ్' అని ఉన్నా ఫైలు ఎందుకు తెరుచుకోదు?

ఎక్కువసార్లు కారణం చిరునామాల గొడవ. ఇళ్లలో చాలా రూటర్లు 192.168.1తో మొదలయ్యే చిరునామాలు ఇస్తాయి. ఆఫీసు కట్టిన రోజుల్లో ఎవరో అక్కడా అవే పెట్టారు. ఆఫీసు ఫైల్ సర్వర్ 192.168.1.20 అయితే, ఇంట్లోని ల్యాప్‌టాప్ దాన్ని పక్క గదిలోని ప్రింటర్ లాంటిదే అనుకుని ఇంట్లోనే వెతుకుతుంది. మొబైల్ హాట్‌స్పాట్ పెట్టగానే పనిచేస్తే అనుమానించాల్సింది దీన్నే. శాశ్వత పరిష్కారం ఆఫీసు చిరునామాలు మార్చడమే, అది ఉద్యోగి చేతిలో లేదు.

రెండో కారణం కవరు సైజు. ఇంటర్నెట్‌లో ప్యాకెట్ మామూలు గరిష్ఠ పరిమాణం 1500 బైట్లు. ఐపీవీ6 (కొత్త తరం ఐపీ చిరునామాల పద్ధతి) మీద వైర్‌గార్డ్ కవరుకు 80 బైట్లు పోతాయి కాబట్టి లోపలి ప్యాకెట్‌కు మిగిలేది 1420, దాని డిఫాల్ట్ కూడా అంతే. కానీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో డయల్ అయ్యే పీపీపీఓఈ రకం బ్రాడ్‌బ్యాండ్‌లో ఆ పరిమాణం 1492 మాత్రమే. మిగలాల్సింది 1412. ఆ 8 బైట్ల తేడాతో చిన్న ప్యాకెట్లు హాయిగా వెళ్తాయి, నిండు ప్యాకెట్లు దారిలో రాలిపోవచ్చు. చాట్ మెసేజ్ వెళ్తుంది, అటాచ్‌మెంట్ వెళ్లదు. పరిమాణం కొంచెం తగ్గించి సెట్ చేస్తే సరిపోతుంది.

అసలు కనెక్టే కాకపోతే గేట్‌వే దగ్గర చిరునామాలు అయిపోయి ఉండొచ్చు. మన కంపెనీ గేట్‌వేలో 254 చిరునామాలు పెట్టారు. రోజూ 140 మంది వాడితే ఎవరికీ తెలియదు. ఆ వాన రోజున 200 ల్యాప్‌టాప్‌లు, 100 ఫోన్లు వచ్చాయి. 46 పరికరాలు తలుపు బయటే ఉండిపోయాయి, వాటి యజమానులు పాస్‌వర్డ్ తప్పేమోనని మళ్లీ మళ్లీ కొడుతూ ఉన్నారు.

## నా ఫోన్లో ఆఫీసుకు ఏం కనిపిస్తుంది?

ఇప్పుడు మొదటి ప్రశ్న. దీనికి ఉద్యోగికి సూటి జవాబు దక్కాలి, చాలా ఆఫీసుల్లో దక్కడం లేదు. జవాబు వీపీఎన్ ఎక్కడ వేశారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆండ్రాయిడ్ వర్క్ ప్రొఫైల్‌లో వేస్తే, బ్రీఫ్‌కేసు గుర్తున్న ఆఫీసు యాప్‌ల ట్రాఫిక్ మాత్రమే టన్నెల్లోకి వెళ్తుంది. సొంత వైపు ఉన్న వాట్సాప్, ఫొటోలు, బ్యాంకు యాప్ దాని పరిధిలోకి రావు. ఫోన్ మొత్తానికి వేసి, ఫుల్ టన్నెల్ పెడితే వాట్సాప్ ట్రాఫిక్ కూడా ఆఫీసు మీదుగా పోతుంది. అప్పుడు కూడా మెసేజ్‌లు చదవలేరు, ఎందుకంటే అవి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్. కానీ ఏ సేవకు ఎప్పుడు కనెక్ట్ అయ్యారు, ఎంత డేటా వాడారు అన్నది తెలుస్తుంది. వీటికంటే గమనించాల్సింది కంపెనీ సర్టిఫికెట్. పరికరం నమ్మేలా అందులో కంపెనీ రూట్ సర్టిఫికెట్ (మూల గుర్తింపు పత్రం) వేసి, గేట్‌వే దగ్గర ట్రాఫిక్ విప్పి చూసే ఏర్పాటు పెడితే, బ్రౌజర్లో చూసే పేజీల లోపలి విషయమూ కనబడొచ్చు. కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఇది మామూలే. సొంత ఫోన్లో అడిగితే ఎందుకని అడిగే హక్కు ఉద్యోగికి ఉంది.

కంపెనీల వైపు నుంచి చూస్తే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్యోగ అవసరాలకు, సంస్థకు నష్టం జరగకుండా కాపాడుకోవడానికి డేటా వాడకాన్ని చట్టబద్ధమైన ఉపయోగాల్లో చేర్చింది. ఆ వెసులుబాటు ఉద్యోగి ఫోన్లో ఎంత దూరం వెళ్తుందన్నదే ఇక ముందు తేలాల్సిన వాదన.

## గేట్‌వేనే గురి అయినప్పుడు

గేట్‌వే రోజంతా ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడి ఉంటుంది కాబట్టి దాడులు దాని మీదే ఎక్కువ. 2024 జనవరిలో ఇవాంటి సంస్థ గేట్‌వేల్లో లోపాలు బయటపడ్డాక, వాటిని 48 గంటల్లో నెట్‌వర్క్ నుంచి ఊడదీయమని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా అక్కడి ప్రభుత్వ శాఖలను ఆదేశించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో పాలో ఆల్టో వీపీఎన్ గ్లోబల్‌ప్రొటెక్ట్‌లో దొరికిన లోపం తీవ్రత 10కి 10. ఫోర్టినెట్ అయితే 2025లో తన కొత్త వెర్షన్‌లో ఎస్ఎస్ఎల్ వీపీఎన్ టన్నెల్‌నే తీసేసి, ఐపీసెక్‌కు మారమంది. అలా మారడమంటే గేట్‌వే ఒక్కటే కాదు, మొదటి నుంచి చెప్పుకుంటున్న ఆ అన్ని రకాల పరికరాల్లోనూ సెట్టింగులు మార్చాలి.

అందుకే వీపీఎన్ కాలం అయిపోయిందనీ, 'జీరో ట్రస్ట్'కు మారాలనీ ఒక వర్గం అంటుంది. నెట్‌వర్క్ లోపలికి రానిచ్చి నమ్మడం బదులు, ఒక్కో అప్లికేషన్ దగ్గర మనిషినీ పరికరాన్నీ ప్రతిసారీ పరీక్షించడం దీని పద్ధతి. తన మీద 2009లో జరిగిన ఆపరేషన్ అరోరా సైబర్ దాడి తర్వాత గూగుల్ ఈ దారి పట్టి, 2014లో బియాండ్‌కార్ప్ పేరుతో వివరాలు ప్రచురించింది. వెబ్ అప్లికేషన్లే వాడే కంపెనీకి ఇది నిజంగా మేలు. కానీ పాత క్లయింట్-సర్వర్ సాఫ్ట్‌వేర్, ఫ్యాక్టరీ యంత్రాలు, లైసెన్స్ సర్వర్లు ఉన్నచోట వీపీఎన్ పక్కనే కొనసాగుతుంది. పైగా జీరో ట్రస్ట్ ఏర్పాట్లలో చాలావాటికి కూడా పరికరంలో ఒక ఏజెంట్ (చిన్న సాఫ్ట్‌వేర్) వేయాలి. మ్యాక్‌లో అనుమతులు, ఫోన్లో బ్యాటరీ పరిమితులు, ఆర్మ్ డ్రైవర్లు దానికీ ఎదురవుతాయి.

అప్‌డేట్లకు సంబంధించిన ఒక ప్రమాదం మాత్రం రెండింటికీ ఉమ్మడిది. క్లయింట్ కొత్త వెర్షన్‌ను టన్నెల్ గుండానే పంపితే, ఇన్‌స్టాల్ మధ్యలో టన్నెల్ తెగుతుంది. అది మళ్లీ లేవకపోతే కాకినాడ ల్యాప్‌టాప్ చేయి దాటిపోయినట్టే. అందుకే అప్‌డేట్ టన్నెల్‌తో పనిలేని దారిలో, ఇంటర్నెట్ మీదున్న ఎండీఎం నుంచి వెళ్లాలి. ముందు ఐటీ టీమ్‌లో 10 మందికి, తర్వాత అన్ని రకాల పరికరాలూ ఉండేలా ఎంచిన 40 మందికి, ఆ తర్వాతే అందరికీ. గేట్‌వే సర్టిఫికెట్ కూడా క్యాలెండర్లో రాసుకోవాలి. పబ్లిక్ సర్టిఫికెట్ల గరిష్ఠ ఆయుష్షు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2029 మార్చి నాటికి 47 రోజులు. చేత్తో మార్చే పద్ధతి ఇక సాగదు.

## ఉద్యోగి వెళ్లిపోయిన రోజు

2021 మేలో అమెరికాలో ఇంధనం మోసే కొలోనియల్ పైప్‌లైన్ సైబర్ దాడితో ఆగిపోయి, తూర్పు రాష్ట్రాల్లో పెట్రోలు బంకుల ముందు వాహనాలు బారులు తీరాయి. దాడి చేసినవాళ్లు లోపలికి వచ్చింది ఒక పాత వీపీఎన్ ఖాతా నుంచి. దాన్ని అప్పటికి ఎవరూ వాడటం లేదు. దానికి పాస్‌వర్డ్ తప్ప రెండో పరీక్ష లేదు. కంపెనీ దాడి చేసినవాళ్లకు 44 లక్షల డాలర్లు చెల్లించింది.

మన మాదాపూర్ కంపెనీలో ఒకరు శుక్రవారం సాయంత్రం 5 గంటలకు మానేశారనుకుందాం. హెచ్ఆర్ ఖాతా ఆపేసింది. కానీ ఆయన మధ్యాహ్నం కనెక్ట్ చేసిన టన్నెల్ ఇంకా తెరిచే ఉంది. గేట్‌వే 24 గంటలకోసారి మాత్రమే మళ్లీ లాగిన్ అడిగేలా పెట్టి ఉంటే, అది శనివారం మధ్యాహ్నం దాకా నడుస్తుంది. ల్యాప్‌టాప్ సర్టిఫికెట్ రద్దు చేశారు గానీ, గేట్‌వే ఆ రద్దు జాబితా చూసేలా సెట్ చేయకపోతే ఆ సర్టిఫికెట్ ఇంకా చెల్లుతుంది. సొంత ఫోన్లో వర్క్ ప్రొఫైల్ ఉంటే ఐటీ టీమ్ దాన్ని మాత్రమే తుడిచేయగలదు, ఆయన పిల్లల ఫొటోలు అలాగే ఉంటాయి. ప్రొఫైల్ లేకుండా నేరుగా ఫోన్లో వేసి ఉంటే, వీపీఎన్ యాప్ తీసేయమని ఆయనకు ఫోన్ చేసి చెప్పాలి.